కుట్టిందా, ముట్టిందా

నేను సముద్రం చూడటానికి పోయానని మా వీధిలో అనుకుంటున్నారు. ఉప్పునీళ్లు చూడటానికి పొయ్యి ఆర్పేసి పోయే మనిషిని కాను. మనవరాలికి కాపలాగా పోయాను. చూసింది చూసినట్టు రాయమని అదే పోరుతుంటే రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసిన చెయ్యి, వంకరలు మీరే సర్దుకుని చదువుకోండి.

మనవరాలు మాధురి, నా పెద్ద కూతురి కూతురు. జంతువుల చదువు చదివింది. ఇంకా పెళ్లి కాలేదు. ఒకరోజు మా ఊరు సంగం వచ్చి, విడవలూరు అవతల సముద్రపొడ్డున మూడు రోజులు ఉండి అక్కడి జీవాలకు ఫొటోలు తీస్తామని చెప్పింది. ఫొటో తీస్తే ఫోనే దాని పేరు చెబుతుందట. హైదరాబాదు నుంచి ఒక బృందం వస్తుందట. తిండి, పడక అన్నీ వాళ్లవేనట. ఆ మాట దగ్గరే నాకు అనుమానం పుట్టింది. ఊరకే అన్నం పెట్టేవాడు ఏదో ఒకటి పట్టుకుపోవడానికే పెడతాడు.

"నేనూ వస్తా" అన్నాను.

"ఆ ఎండలో నువ్వెందుకమ్మమ్మా?"

"నాట్లేసే రోజుల్లో నాకు గొడుగు పట్టినారా ఎవరన్నా?"

మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "తీసకపో తల్లీ, నా చెవులకు గూడా సెలవు గావాల గదా" అన్నాడు. ఆయన సంగతి తిరిగొచ్చాక చూద్దామని మూటగట్టాను. రెండు పూటలకు పెరుగన్నం, చింతకాయ పచ్చడి, ఊరమిరపకాయలు, ఇంటి బావి నీళ్లు.

కోవూరు దాటాక

ఆడవాళ్లకు బస్సు ఊరక. అయినా కండక్టరు సున్నా రాసిన టికెట్టు చించి ఇచ్చాడు. దాన్ని కొంగున ముడేసుకున్నాను. రేపెవరైనా వచ్చి, ఊరక అని ఎవరన్నారు అంటే చూపించాలి కదా.

కోవూరులో దిగి టీ తాగాం. పన్నెండు రూపాయలన్నాడు. గ్లాసు చూస్తే ఉగ్గుగిన్నె. "ఇది తాగడానికా, చెవిలో పోసుకోడానికా?" అని అడిగితే, కొట్టువాడు నవ్వి ఇంకో గుటక పోశాడు. అడగకపోతే పోసేవాడు కాదు.

విడవలూరు బస్సు ఎక్కాక నేల రంగు మారింది. మా వైపు ఎటు చూసినా వరి. ఇక్కడ కొంతదూరం పోగానే వరి మడులు పోయి రొయ్యల గుంటలు వచ్చాయి. నీళ్లలో చక్రాలు తిరుగుతూ నురగలు కక్కుతున్నాయి. మడిలో చక్రం తిరగడం నేనెక్కడా చూడలేదు. గుంటలు దాటితే ఇసక, ఆ పైన సరివి తోటలు.

పక్క సీటులో ఎండుచేపల గంప పెట్టుకున్న ఒకామె నన్ను ఆరా తీసింది.

"యాడికవ్వా?"

"జీవాల పేర్లు రాయడానికంట. ఇదిగో మా పిల్ల."

ఆమె మాధురిని కిందికీ పైకీ చూసింది. "ఇన్నాళ్లూ పేర్లు లేకుండానే ఉండాయా అవి?"

మాధురి నవ్వింది. నాకైతే ఆ ప్రశ్న సబబుగానే తోచింది.

విడవలూరు, బడి వసారా

ఆదివారం కాబట్టి బడి వసారాలో కూర్చోబెట్టారు. బృందానికి పెద్ద కిరణ్ అనే కుర్రాడు. గడ్డం ఉంది, మాట మెత్తన. మెత్తని మాటలవాళ్లంటే నాకు మొదటినుంచీ భయం. పాలెం నుంచి, అంటే చేపలు పట్టేవాళ్ల ఊరి నుంచి, కొందరు ఆడవాళ్లు వచ్చారు. వలలో పడింది ఒడ్డున ఏరి వేరుచేసేది ఆడవాళ్లే కాబట్టి, ఏ జీవం వచ్చినా ముందు చూసేది వాళ్లే. వాళ్ల ఫోన్లలోనే ఆ పేర్లు చెప్పే ఏర్పాటు పెట్టించి, ఇకమీదట వాళ్ల చేతే ఫొటోలు ఎక్కించాలని వీళ్ల ఎత్తు. బదులుగా నెలనెలా ఫోనుకు రీచార్జి వేయిస్తారట.

"ఎందుకు నాయనా ఇదంతా?" అని కిరణ్‌ని అడిగాను.

"ఏ జీవి ఎక్కడుందో తెలిస్తే దాన్ని కాపాడొచ్చు అవ్వా."

"ఎవరి దగ్గర్నించి?"

"అందరి దగ్గర్నించీ."

వెనక వరసలో నల్లగా, పొడుగ్గా ఉన్న ఒకామె, "అంటే మా దగ్గర్నించే" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె పేరు పోలమ్మ. ఆ పూటే నాకు నచ్చింది.

నేను ఆ మిషనును పరీక్ష పెట్టదలిచాను. గోడ మీద వాలిన గోరింకను తీయమన్నాను. గోరింక అని చెప్పింది. బడి వెనకున్న నల్లేరు తీగను తీయమన్నాను. అదీ చెప్పింది. బోరింగు పక్కన ఎవరో చుట్టచుట్టి పడేసిన తడి మోకు కనబడింది. "దాన్ని తియ్యి" అన్నాను. తీశాడు. ఫోను కాసేపు ఆలోచించి, అది ఫలానా జాతి పామని రాసి చూపించింది.

పోలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. తాడును చూసి బెదిరే మనుషులను చూశాను గానీ, బెదిరే మిషనును చూడటం అదే మొదటిసారి.

కిరణ్ నొచ్చుకోలేదు. "నేను పెట్టె చెప్పకుండా తీశాను అవ్వా, అందుకే తప్పింది" అని ఫోను అందరికీ తిప్పి చూపించాడు. అందులో గడులు ఉన్నాయి. ఫొటో తీసి, అది ఏ పెట్టెలోదో మనం ముందే నొక్కాలి. అప్పుడు మిషను ఆ పెట్టెలోనే వెతుకుతుంది, తప్పులు తగ్గుతాయి. పైగా ఒక్కో పెట్టెకు ఎక్కడో దూరాన ఒక్కో తెలిసినవాళ్లు ఉంటారు. తమ పెట్టెలో పడ్డ ఫొటోను వాళ్లు చూసి అవునో కాదో చెబుతారు. ఇలా చెప్పి అతను గడుల పేర్లు పైకి చదివాడు. పక్షి, చేప, తాబేలు, పురుగు, పాము, మొక్క.

అయిదో పేరు దగ్గర ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఒకామె కిందికి వంగి నేల ముట్టుకుంది. పోలమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మా ఇళ్లలోనూ దాన్ని పేరుపెట్టి పిలవం. పిలిస్తే వస్తుందంటారు. గట్టు మీద కనబడినా 'పురుగు' అనే అంటాం. ఇక అది ముట్టిన మనిషి ముందరైతే ఆ పేరు ఎత్తనే ఎత్తకూడదు, చెవిన పడితే విషం తలకెక్కుతుందని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఇది కొత్త సంగతేం కాదు గనుక అక్కడెవరూ దాని గురించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పేరు రాయని పాలెం

సాయంత్రానికి పాలెం చేరాం. ఆ ఊరి పేరు రాయను. రాయవద్దని వాళ్ల ఊరిపెద్ద చెప్పాడు. ఆయన మెడలో తువ్వాలు, చేతిలో చుట్ట. కిరణ్‌ని నిలబెట్టే మాట్లాడాడు.

"ఫొటోలు తీసుకోండి. చోటు మాత్రం రాయబాకండి."

"చోటు రాయకపోతే ఫొటోకు విలువ లేదండీ."

"రాస్తే మాకు విలువ లేదు. ఈడ తాబేలు గుడ్లు పెట్టిందని మీరు రాస్తారు. ఆ మాట యాడికో పోతాది. రేపు ఇంకెవుడో వచ్చి ఈడ వల దించబాకండంటాడు. అప్పుడు నువ్వు హైదరాబాదులో ఉంటావు."

పైవాళ్లను అడిగి చెబుతానని కిరణ్ అన్నాడు. పైవాళ్లెవరో అతను చెప్పలేదు. నేను ఊరిపెద్దవైపే మొగ్గాను. మా పొలంలో ఎన్ని నెమళ్లు తిరుగుతాయో నేనైతే ఎవరికీ చెప్పను.

మాకు తుఫాను భవనంలో పడక ఇచ్చారు. అక్కడికి నడుస్తూ నేనొక పొరపాటు చేశాను. ఇసకలో ఆరేసిన వలను దాటి అడుగేశాను, కాలికి చెప్పుతో. వెనకనుంచి పోలమ్మ కేక.

"అవ్వా, వల దాటబాక. చెప్పులిప్పు ముందు."

మా కళ్లంలో ధాన్యపు రాశి దగ్గరికి చెప్పులతో వస్తే నేనూ ఇలాగే కేకలేస్తాను. చెప్పులు విప్పి, వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి పోయాను. ఆ తర్వాత నుంచి పోలమ్మ నన్ను చుట్టంలా చూసింది. ఇక్కడ ఆడవాళ్లు గట్టిగా మాట్లాడతారు, చేపల బేరం వాళ్లే చేస్తారు, డబ్బు వాళ్ల రొండినే ఉంటుంది. మా వైపు ధాన్యం అమ్మేది మగవాళ్లు. ఎంతకు అమ్మారో మనం నాలుగుసార్లు అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క పద్ధతి మాత్రం ఇక్కడిది నాకు నచ్చింది.

నీళ్లు మాత్రం కొనుక్కుంటారు. ఎదురుగా కంటికి ఆనినంత నీళ్లు, ఇంట్లో డబ్బా ఇరవై రూపాయలు.

అలివి వల

తెల్లారేసరికి మాధురి, కిరణ్, మిగతావాళ్లు కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర పక్షులను చూడటానికి పోయారు. ఇసకలో అంతదూరం నా మోకాళ్లు రావు. కిరణ్ ఎటు కూర్చున్నాడో మాధురి ఎటు కూర్చుందో నిన్న ఒకరోజంతా చూశాను, ఆ భయం కొంత తీరింది. భవనం మెట్ల మీద కూర్చున్నాను.

ఒడ్డున అలివి వల లాగుతున్నారు. పడవలో తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంగా దించి, రెండు కొసలనూ ఒడ్డునుంచి మనుషులు లాగుతారు. తాళ్లు నడుముకు చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చారు. మా నాట్ల కూలీలు కూడా వెనక్కే నడుస్తారు. వల ఒడ్డుకు చేరాక అందరూ దాని మీద వంగారు. పోలమ్మ మొగుడు శీనయ్య చెయ్యి విదిలించడం కనబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పోలమ్మ ఫోను పైకెత్తి ఫొటో తీసింది. ఎవరో కర్రతో దేన్నో ఎత్తి నీళ్లలోకి విసిరేశారు. కాసేపటికి నవ్వులు వినబడ్డాయి. ఏ ముళ్లచేపో గుచ్చి ఉంటుందనుకున్నాను.

ఎండ ఎక్కాక చేపలు కొందామని పోయాను. కవళ్లు కుప్ప వంద చెప్పింది పోలమ్మ.

"సంగంలో ఇంటి ముందుకు తెచ్చి ఎనబైకి ఇస్తారు" అన్నాను.

"అయితే సంగం పోయి కొనుక్కో అవ్వా. ఈడివి ఇంకా కళ్లు తెరుచుకోనుండాయి, చూడు." తర్వాత తనే మెత్తబడి, "కొనేదెందుకు, మా ఇంటికి రా. పులుసు పెట్టుండా. తినిపో" అంది.

ఊరకే పెట్టే అన్నం గురించి నేను పైన రాసిన మాట ఇక్కడ వర్తించదు. చేపల పులుసు వాసన అప్పటికే వీధిలోకి వచ్చింది.

పోలమ్మ ఇంట్లో

పులుసులో మామిడికాయ వేసింది. మేమూ వేస్తాం గానీ ఆమె చింతపండు తగ్గించి కారం పెంచింది. అన్నం మాత్రం కోటా బియ్యం, మా మొలగొలుకుల ముందు నిలవదు. ఆ మాట నేను నోట్లోనే ఉంచుకున్నాను.

శీనయ్య గోడకానుకుని కూర్చున్నాడు. వల లాగి అలిశాడని పోలమ్మ అంది. అన్నం పెట్టుకోలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. మెడ తిప్పాల్సి వస్తే ఒళ్లంతా తిప్పుతున్నాడు.

"ఏంది నాయనా, అట్టుండావు?"

"ఒళ్లు నొప్పులవ్వా. వల బరువు." మాట ముద్దగా వచ్చింది, నోట్లో వక్క ఉన్నట్టు. నోట్లో వక్క లేదు.

నాకు ఇంట్లో గిన్నె జారినా అనుమానమే. "పొద్దున చెయ్యి విదిలించావు గదా, ఏందది?"

అతను మాట్లాడకముందే పోలమ్మ అందుకుంది. "దానికేం లేదవ్వా. ఫోన్లో చూసినాము. హాని లేదని చెప్పింది. నొప్పి లేదు, వాపు లేదు. ఏలు మీద చీమ తలకాయంత చుక్క." గొంతు తగ్గించి, "పురుగు ముట్టింది, అంతే" అంది.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

ఇది చదివే మీలో పట్నంవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాను. పురుగు కుడుతుంది. చీమ, తేలు, కందిరీగ, ఏదైనా కుడుతుంది. ముట్టేది ఒక్కటే.

"పోలమ్మా, కుట్టిందా, ముట్టిందా?"

ఆమె మొగుడివైపు ఒకసారి చూసి తల దించుకుంది. "ముట్టింది."

"ఫోనేది?"

ఇచ్చింది. ఫొటోలో వల మధ్యన చారలు చారలుగా ఒక పొడుగాటిది, తోక కొస తెడ్డులా బల్లపరుపుగా ఉంది. కింద మిషను రాసిన మాట. సముద్రపు ఇసకలో ఉండే ఏదో పురుగట, మనుషులకు హాని చేయదట. పైన చూస్తే పోలమ్మ నొక్కిన గడి వెలుగుతోంది. పురుగు.

ఆమె నొక్కింది తప్పా అంటే తప్పని నేననను. అది ముట్టిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆ ఆడమనిషి మొగుడి ప్రాణం చేతిలో పట్టుకుని, రెండు గడుల్లో ఏది నొక్కుతుంది? మన పెద్దవాళ్లు ఏది అనమన్నారో అదే నొక్కింది. మిషనుకు ఆ మర్యాద తెలియదు. పురుగుల పెట్టె చూపిస్తే పురుగుల్లోనే వెతికి, ఉన్నవాటిలో పొడుగైనదాన్ని తీసి ఇచ్చింది. సోదె చెప్పేవాళ్లూ అంతే, మనం తల ఎటు ఊపితే అటే చెబుతారు. పక్కా చేసి చెప్పే దూరపు మనుషులు కూడా పురుగులు తెలిసినవాళ్లే. ఆదివారం మర్నాడు పొద్దున్నే పురుగు ఫొటో చూడటానికి వాళ్లకేం తొందర?

నా బటన్ ఫోను తీసి మాధురికి చేశాను. ఇంట్లో అందలేదు. బయటికి వచ్చాను, నా వెనకే పోలమ్మ, గోడ పట్టుకుంటూ శీనయ్య, ఇరుగు పొరుగు.

"మాధురీ, పోలమ్మ మొగుడికి పురుగు ముట్టింది."

సగం మాటలు గాలి తినేస్తోంది. "ఏం పురుగు అమ్మమ్మా? రెక్కలున్నాయా?"

"రెక్కల్లేవు. కాళ్లూ లేవు."

"జలగా? వినపడట్లా. ఏం పురుగు?"

శీనయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. నా వయసులో అలాంటి మనిషి ముందర ఆ పేరెత్తిన పాపాన నేనెప్పుడూ పోలేదు. గొంతెత్తి అన్నాను.

"పాము. పాము ముట్టింది."

పోలమ్మ నా చెయ్యి పట్టి లాగేసింది. "నువ్వు పెద్దదానివేనా? ముట్టినోడి ముందర ఆ పేరు ఎత్తతావా? నా ఇంట్లో తిని నా మొగుణ్ణి చంపతావా?"

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. అటు మాధురికి మాట అందింది. పాలెంవాళ్ల ఫొటోలన్నీ బృందం ఫోన్లలోనూ కనబడతాయట. మాధురి ఆ ఫొటోను పురుగుల పెట్టెలోనుంచి తీసి పాముల పెట్టెలో వేసింది. అదే ఫొటో, మారింది పెట్టె ఒక్కటే. సముద్రపు పామని మిషను వెంటనే చెప్పిందట. పాములు తెలిసిన మనిషి ఎవరో ఎక్కడినుంచో మాధురికి ఫోను చేశాడు. మాధురి మళ్లీ నాకు చేసి అతని మాటలు చెప్పింది. నొప్పి లేకపోవడం ఆ పాముకు గుణమేనట. విషం కండల్లోకి పోతుందట. కోయొద్దు, కట్టొద్దు, నడిపించొద్దు, చిన్నచోట ఆగకుండా ఊపిరి అందించే మిషను ఉన్న పెద్దాసుపత్రికే తీసుకుపోవాలి.

అప్పటికి ఊరిపెద్ద వచ్చాడు. "పక్క పాలెంలో మంత్రం వేసేవాడుండాడు. నెల్లూరు దాకా ఎందుకు? అయినా ఆ పేరు ఫోన్లో ఎక్కించిందెవురు? రేపు ఫారెస్టోళ్లొచ్చి అడిగితే?"

"వచ్చేవాళ్లు వస్తారు నాయనా. మీ అనుమానం తప్పని నేననను, నాదీ అదే అనుమానం. ఈయన నోరు తెరవమను. తెరిస్తే మంత్రానికి పోదాం."

శీనయ్య నోరు తెరవబోయాడు. రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుని ఆగిపోయింది. దవడ కదల్లేదు. ఊరిపెద్ద చుట్ట పారేసి, ఆటో కోసం ఆయనే పరుగెత్తాడు.

పెన్న వంతెన

ఆటోలో శీనయ్యను పడుకోబెట్టి తల పోలమ్మ ఒళ్లో పెట్టారు. నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. రోడ్డు మీదికి వచ్చేసరికి మాధురి, కిరణ్ మోటారు సైకిలు మీద ఎదురొచ్చారు. కిరణ్ మొహంలో నెత్తురు లేదు. "ఆ గడి పేరు పెట్టింది నేనే అవ్వా" అన్నాడు. "ముందు పద, ఏడుపు తర్వాత" అన్నాను.

నిన్న వచ్చిన దారే. రొయ్యల గుంటలు, చక్రాలు, వరి. నిన్న టీ గ్లాసు గురించి పోట్లాడిన కొట్టు కూడా వెనక్కి పోయింది. పోలమ్మ దారంతా మొగుడి మొహమే చూస్తూ కూర్చుంది. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కాక, వెనకనుంచి సన్నగా అడిగింది.

"అవ్వా, ఫోను ముందే ఆ మాట చెప్పుంటే ముందే పోయుండేవాళ్లం గదా?"

"నువ్వు అడగలేదు, అది చెప్పలేదు."

"నేనెట్ట అడిగేది?"

నేను కింద పెన్నలో నీళ్లు చూస్తూ కూర్చున్నాను.

నెల్లూరు పెద్దాసుపత్రిలో రోగితో ఇద్దరినే లోపలికి వదిలారు. పోలమ్మ, నేను పోయాం. ఫొటో ఉన్న ఫోను మాధురి దగ్గర బయటే ఉండిపోయింది. కుర్ర డాక్టరు శీనయ్య కనురెప్పలు ఎత్తి చూస్తూ, "ఏం జరిగిందమ్మా?" అని అడిగాడు.

పోలమ్మ నోరు తెరిచింది. ఇంత జరిగాక కూడా ఆమె నోట వచ్చింది ఒక్కటే. "పురుగు సార్."

"ఏ పురుగు? తేలా, జెర్రా?"

పోలమ్మ నావైపు చూసింది. ఈసారి నన్ను వద్దనే చూపు కాదు, నువ్వే చెప్పమనే చూపు. నేను గొంతు సవరించుకునే లోపల, బల్ల మీదినుంచి, మూసుకుపోయిన పళ్ల సందునుంచి శీనయ్య అన్నాడు.

"పా...ము. సముద్రంలోది."

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు తలెత్తి, ఎవరినో పిలిచాడు. ఆ తర్వాత అక్కడ ఎవరూ నడవలేదు, అందరూ పరుగే.

తిరిగి సంగం

మూడో రోజు పులికాట్ సరస్సుకు పోయి రాజహంసలను చూడాల్సింది. పోలేదు. చూడలేదు కాబట్టి వాటి గురించి రాయను.

శీనయ్యకు కొన్నాళ్లు గొట్టంతో ఊపిరి అందించారు. టీ డికాక్షన్ రంగులో మూత్రం పోయిందట, సెలైన్లు ఎక్కించి ఆ రంగు విరిగేదాకా కనిపెట్టుకున్నారట. ఇప్పుడు ఇంటికి వచ్చాడు. తాడు లాగే బలం ఇంకా రాలేదు గానీ, ఒడ్డున కూర్చుని లాగేవాళ్లను తిడుతున్నాడని పోలమ్మ ఫోనులో చెప్పింది. బస్సు కండక్టరు చేత ఎండు నెత్తళ్లు పంపింది. నేను మొలగొలుకుల బియ్యం పంపాను. ఇప్పుడైనా ఆమెకు పులుసులోకి తగిన అన్నం దొరుకుతుంది.

పాలెం ఫొటోలకు చోటు రాయడం మానేశామని కిరణ్ మాట ఇచ్చాడట. ఫారెస్టువాళ్లు ఇంతవరకు రాలేదట. రాలేదు కాబట్టి రారని నేను నమ్మను. మిషను మీద నా అనుమానం వీసమంత కూడా తగ్గలేదు. ఒకప్పుడు అది తప్పు చెబుతుందని అనుమానం, ఇప్పుడు మనం అడిగినదాన్నే ఒప్పని చెబుతుందని అనుమానం. రెండోది పెద్దది.

పోయిన వారం మాధురి ఫోను చేసింది. ఆ గడికి ఏ పేరు పెడితే పాలెం ఆడవాళ్లు నొక్కుతారని కిరణ్ అడగమన్నాడట.

"పేరెందుకు? పేరు పెట్టొద్దు. ఒక వంకర గీత గీయమను" అన్నాను.

గీశారు. నిన్న మాధురి వచ్చి చూపించింది. పక్షి, చేప, తాబేలు, పురుగు అని అక్షరాలు, వాటి పక్కన ఏ అక్షరమూ లేకుండా నల్లగా మెలికలు తిరిగిన ఒక గీత. పోలమ్మకు పంపితే, ఒకసారి నొక్కి చూసిందట.

మా ఆయన ఫోను అందుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జరుపుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇదేంది, తాడా?"

"ముట్టి చూడు" అన్నాను.